తేనెటీగల పెట్టెలో నల్లి, వైరస్: లెక్కపెట్టడం దగ్గర్నుంచి మందు దాకా

పెట్టె ద్వారం ముందు రెక్కలు ముడతలు పడి, ఎగరలేక నేల మీద పాకుతున్న ఈగలు కనిపించగానే చాలామంది అడిగే మొదటి ప్రశ్న "ఏం మందు వేయాలి?" అని. ఆ ఈగకు వేసే మందు లేదు. దానికి పట్టింది డిఫార్మ్‌డ్ వింగ్ వైరస్. పెట్టెలో వేస్తే వైరస్ చచ్చే మందు ఏదీ లేదు. కానీ ఆ వైరస్‌ను ఈగల ఒంట్లోకి ఎక్కిస్తున్న వరోవా నల్లి కంటికి కనిపిస్తుంది, లెక్కకు అందుతుంది, మందుకు లొంగుతుంది. మనం చేయగలిగిందంతా అక్కడే ఉంది. రెక్కలు ముడతలు పడేదాకా ఆగకుండా నల్లిని లెక్కపెట్టాలి, ఆ లెక్క చూసే మందు వేయాలి.

ముందు మీ దగ్గర ఉన్నది ఏ ఈగ?

ఇది తేలకుండా మిగతాది చదివి లాభం లేదు. మన దగ్గర పెట్టెల్లో పెంచేవి రెండు రకాలు: పుట్ట తేనెటీగ, అంటే సెరానా, ఐరోపా తేనెటీగ, అంటే మెల్లిఫెరా. అరకు, పాడేరు వైపు వలిసె పూల మీద తిరిగే పెట్టెల్లో ఎక్కువగా సెరానా ఉంటుంది. పొద్దుతిరుగుడు, నువ్వు పొలాల వెంట లారీల్లో తిరిగేవి దాదాపు అన్నీ మెల్లిఫెరా పెట్టెలే.

వరోవా నల్లి అసలు ఇల్లు సెరానా పట్టు. తరతరాలుగా కలిసి బతకడం వల్ల ఆ రెంటికీ ఒక సర్దుబాటు కుదిరింది. సెరానా పట్టులో నల్లి దాదాపుగా పోతు ఈగల (మగ ఈగల) గదుల్లోనే పిల్లల్ని పెడుతుంది. కూలి ఈగలు ఒకదాని ఒంటి మీది నల్లిని ఇంకొకటి పీకేస్తాయి. నల్లి పట్టి బలహీనపడిన పోతు పిల్ల గది మీది మైనం మూత పగలగొట్టుకుని బయటికి రాలేకపోతే, ఆ గదిని అలాగే మూసి వదిలేస్తాయి. నల్లి కూడా లోపలే చస్తుంది. మెల్లిఫెరాకు ఈ విద్యలు లేవు, ఉన్నా అరకొరే. 1960ల్లో హిమాచల్‌లోని నగ్రోటా బగ్వాన్‌లో మన దేశంలో నిలదొక్కుకున్న ఈగ అది. దాన్ని సెరానా పక్కన పెట్టి పెంచితే నల్లి గడప దాటడం ఎంతసేపు? పైగా మెల్లిఫెరాలో అది కూలి ఈగల గదుల్లోనూ పెరుగుతుంది. అందుకే లెక్క అంత వేగంగా పెరిగిపోతుంది.

మీది సెరానా అయితే నల్లి గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. మీ అసలు శత్రువు థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్. దాని గురించి చివర్లో వివరంగా ఉంది, నేరుగా అక్కడికే వెళ్లొచ్చు. మెల్లిఫెరా పెంచేవాళ్లు ఇక్కడి నుంచి చదవండి.

నల్లి ఏం చేస్తుందో తెలిస్తే ఎప్పుడు కొట్టాలో తెలుస్తుంది

ఆడ వరోవా ఎరుపు కలిసిన గోధుమ రంగులో, పీతలాగా అడ్డంగా వెడల్పుగా ఉంటుంది. పొడవు 1.1 మి.మీ., వెడల్పు 1.6 మి.మీ. ఈగ పొట్ట కింది పొరల మధ్య దూరి కూర్చుంటుంది కాబట్టి పెట్టె మూత తీసి చూస్తే చాలావరకు కనిపించదు. "మా పెట్టెల్లో నల్లి లేదండీ, నేను రోజూ చూస్తాను" అనే మాట నమ్మకండి, అది మీరే అన్నా సరే.

కూలి ఈగ పిల్ల గదికి మైనం మూత పడబోయే కొన్ని గంటల ముందు ఆడ నల్లి ఆ గదిలోకి జారుకుంటుంది. మూత పడిన రెండున్నర, మూడు రోజులకు మొదటి గుడ్డు పెడుతుంది. అందులోంచి మగ నల్లి వస్తుంది. ఆ తర్వాత సుమారు 30 గంటలకు ఒకటి చొప్పున ఆడ గుడ్లు. కూలి పిల్ల మూత కింద ఉండేది 12 రోజులే కనుక, అది బయటికొచ్చే సరికి సగటున ఒకటి, మహా అయితే ఒకటిన్నర ఆడ పిల్ల నల్లి పూర్తిగా ఎదుగుతుంది. పోతు ఈగ మూత కింద ఇంకో రెండు మూడు రోజులు ఎక్కువ ఉంటుంది. అందుకే పోతు గదులంటే నల్లికి అంత మోజు. కూలి గదుల కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా వాటిలో దూరుతుంది.

నల్లి ఈగ రక్తం తాగుతుందని చాలాకాలం అనుకున్నారు. పెద్ద ఈగల మీద ఉన్నప్పుడు అది ప్రధానంగా తినేది కొవ్వు కణజాలాన్ని అని 2019లో వచ్చిన పరిశోధన చూపించింది. ఈగకు రోగాన్ని తట్టుకునే శక్తినీ, పురుగుమందుల విషాన్ని విరిచే శక్తినీ ఇచ్చేది ఆ కణజాలమే. నష్టం అక్కడితో ఆగదు. డిఫార్మ్‌డ్ వింగ్ వైరస్ నల్లి లేని పెట్టెల్లోనూ ఉంటుంది. నోటి ద్వారా, రాణి గుడ్ల ద్వారా పాకుతూ, పైకి ఏ లక్షణమూ లేకుండా పడి ఉంటుంది. నల్లి వచ్చాక ఒకే సూదితో ఊరందరికీ ఇంజెక్షన్ వేసినట్టే అవుతుంది. వైరస్ నేరుగా ప్యూపా, అంటే మూత కింద పురుగు నుంచి ఈగగా మారుతున్న పిల్ల, ఒంట్లోకి దిగుతుంది. రెక్కలు ముడతలు పడి, పొట్ట కురచై పుట్టినవి మనకు కనిపించేవి. చూడ్డానికి బాగానే ఉండి, ఆయుష్షు తగ్గి, పొలానికి వెళ్లి తిరిగి రానివి కనిపించనివి. పెట్టె ఖాళీ అయ్యేది ఎక్కువగా ఈ రెండో రకం వల్లే.

ఇక్కడ మందు వేసేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన విషయం ఒకటుంది. ఏడాది పొడవునా పిల్లలుండే మన వాతావరణంలో పెట్టెలోని నల్లిలో ఎక్కువ భాగం ఏ సమయంలోనైనా మైనం మూతల కిందే ఉంటుంది. ఈగల మీద కనిపించేది మిగతా కొంత మాత్రమే.

లెక్కపెట్టడం: పొడి పంచదార పద్ధతి

కావలసినవి: అర లీటరు పట్టే వెడల్పు మూతి సీసా, దాని మూత కత్తిరించి బిగించిన 3 మి.మీ. కన్నాల జాలీ (నల్లి రాలాలి, ఈగ రాకూడదు), మెత్తగా పొడి చేసిన పంచదార, తెల్లటి పళ్లెం, సగం కప్పు కొలత, అంటే 120 మి.లీ. ఈ కొలతకు సుమారు 300 మెల్లిఫెరా ఈగలు పడతాయి.

ఇంకా మూత పడని పురుగులున్న పిల్లల ఫ్రేమును తీయండి. నల్లి ఎక్కువగా పట్టుకునేది పిల్లల్ని సాకే లేత ఈగల్నే, అవి దొరికేది ఆ ఫ్రేము మీదే. సూపర్‌లోంచో (పైన ఉండే తేనె అర), ద్వారం దగ్గర నుంచో పట్టిన ఈగలతో లెక్క తక్కువ వస్తుంది. రాణి ఆ ఫ్రేము మీద లేదని రెండుసార్లు చూసుకోండి. ఈగల్ని ఒక టబ్‌లోకి దులిపి, టబ్‌ను కాస్త వంచితే ఎగిరే ముసలి ఈగలు ఎగిరిపోతాయి, లేతవి అడుగున గుంపుగా మిగులుతాయి. వాటిని సగం కప్పు ముంచి సీసాలో పోసి జాలీ బిగించండి.

జాలీ మీద నుంచి రెండు పెద్ద చెంచాల పంచదార పొడి వేసి, సీసాను పక్కకు దొర్లించండి. ఒక్కో ఈగకూ పొడి పట్టాలి. రెండు నిమిషాలు నీడలో ఉంచండి. ఈగలు వేడెక్కి, నల్లి పట్టు సడలుతుంది. తర్వాత సీసాను తలకిందులు చేసి ఒక నిమిషం పాటు పళ్లెం మీద గట్టిగా ఊపండి, ఉప్పు జల్లినట్టు మెల్లగా ఊపితే సగం నల్లి లోపలే ఉండిపోతుంది. పళ్లెంలోని పొడి మీద కొన్ని నీళ్లు చిలకరిస్తే పంచదార కరిగి ఎర్రటి నల్లి స్పష్టంగా తేలుతుంది. లెక్కపెట్టి 3తో భాగిస్తే నూరు ఈగలకు ఎన్నో వస్తుంది. ఈగల్ని తిరిగి పెట్టెలో వదిలేయొచ్చు. మిగతావి వాటిని నాకి శుభ్రం చేసేస్తాయి.

వానాకాలంలో పంచదార తేమ పట్టి ముద్దవుతుంది. అప్పుడు ఈ పద్ధతి మోసం చేస్తుంది. గిన్నెలు కడిగే లిక్విడ్ సబ్బు కలిపిన నీళ్లలోనో, స్పిరిట్‌లోనో అదే సగం కప్పు ఈగల్ని వేసి నిమిషం పాటు ఊపి, జాలీ గుండా వడకడితే లెక్క ఇంకా కచ్చితంగా వస్తుంది. ఆ 300 ఈగలూ చస్తాయి, నిజమే. కానీ బలమైన పెట్టెలో రాణి ఒక్క రోజులో పెట్టే గుడ్లు అంతకంటే ఎక్కువ. మనసు ఒప్పకపోతే పంచదారే వాడండి, లెక్క మాత్రం మానకండి.

అడుగు పలక మీద నూనె రాసిన తెల్ల కాగితం పెట్టి రాలిన నల్లిని లెక్కపెట్టడం కూడా ఉంది. పెట్టె తెరవక్కర్లేదు కాబట్టి సుఖమే. కానీ మన దగ్గర చీమలు వచ్చి రాలిన నల్లిని రాలినట్టే మోసుకుపోతాయి. స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు లేకపోతే ఆ కాగితం చెప్పే అంకె మీద ఆధారపడొద్దు.

ఎన్ని పెట్టెలు చూడాలి? పది పెట్టెలుంటే పదీ చూడండి. వందలుంటే ప్రతి స్థలంలోనూ కొన్ని, ముఖ్యంగా చివరి వరుసల్లోవీ, బాగా బలంగా ఉన్నవీ. బలమైన పెట్టెలో పిల్లలెక్కువ, పోతు గదులెక్కువ, కాబట్టి నల్లి కూడా ఎక్కువే. బలహీనంగా ఉన్నవాటినే చూసి, బాగున్నవాటిని వదిలేయడం మామూలుగా జరిగే పొరపాటు. నెలకొకసారి చాలు. పూత మొదలయ్యే ముందు, అయిపోగానే మాత్రం తప్పనిసరి.

రెండో నల్లి: ఈ లెక్కకు దొరకనిది

కొండ తేనెటీగ పట్ల నుంచి మెల్లిఫెరాకు అంటుకున్న ఇంకో నల్లి ట్రోపిలేలాప్స్. వరోవా కంటే చిన్నది. సన్నగా, పొడుగ్గా, ఫ్రేము మీద చకచకా పరుగెడుతూ ఉంటుంది. పెద్ద ఈగను కొరికి తినడానికి దాని నోరు సరిపోదు. పిల్లలు లేకపోతే రెండు మూడు రోజుల్లో ఆకలితో చస్తుంది. అందుకే ఈగల మీద అది ఎక్కువసేపు ఉండదు, పంచదార సీసాలో పెద్దగా పడదు. సీసాలో సున్నా వచ్చినా పెట్టె దీనితో నిండి ఉండొచ్చు.

దీన్ని చూడాలంటే ఈగల్ని పూర్తిగా దులిపేసిన పిల్లల ఫ్రేమును తెల్ల ట్రే అంచుకేసి రెండు వైపులా గట్టిగా కొట్టండి. పరుగెత్తే సన్నటి నల్లి కనిపిస్తే అదే. అనుమానం ఉంటే మూత పడిన ఓ వంద గదుల్ని సూదితో తెరిచి, ప్యూపాల్ని బయటికి తీసి చూడండి. అక్కడక్కడా కన్నాలు పడిన మూతలు, చిందరవందరగా ఉన్న పిల్లలు, ద్వారం దగ్గర బయట పారేసిన తెల్లటి పిల్లలు దీని గుర్తులు. రెక్కలు ముడతలు పడిన ఈగలు ఈ నల్లి వల్ల కూడా పుడతాయి. డిఫార్మ్‌డ్ వింగ్ వైరస్‌ను ఇదీ మోస్తుంది.

శ్వాసనాళాల్లో ఉండే మూడో నల్లి అకారాపిస్ సంగతి మైక్రోస్కోపు లేకుండా తేలదు. ఈగలు గుంపులుగా పాకుతూ, రెక్కలు విడివిడిగా పెట్టుకుని ఉంటే, పై రెండు లెక్కలూ తక్కువే వస్తుంటే, నమూనాను వ్యవసాయ కాలేజీకి పంపండి.

అంకె వచ్చింది. ఇప్పుడేం చేయాలి?

నూరు ఈగలకు ఒకటి లోపు ఉంటే ఏమీ చేయొద్దు, నెల తర్వాత మళ్లీ చూడండి. రెండు దాటితే మందుకు సిద్ధపడండి. మూడు, అంటే సీసాలో తొమ్మిది దాటితే వాయిదా వేయకండి. మూత పడిన పిల్లల్లో ఉన్నది ఈ లెక్కలో లేదని పైన చెప్పుకున్నాం కదా. సూపర్‌లో తేనె ఉంటే ముందు దాన్ని తీసేయండి. తేనె కోసం మందును నెల వాయిదా వేసి పెట్టెలే పోగొట్టుకున్నవాళ్లు ఎందరో. ట్రోపిలేలాప్స్‌కు అంకె కోసం చూడక్కర్లేదు, కనిపిస్తే చాలు, పని మొదలుపెట్టండి.

చలికాలం: ఫార్మిక్ ఆమ్లం

మైనం మూత దాటి లోపలున్న నల్లిని కూడా చంపే సేంద్రియ ఆమ్లం ఇదొక్కటే. రబ్బరు తోటల్లో పాలు గడ్డకట్టించడానికి వాడేది కూడా ఇదే. మన దేశంలో ఎక్కువగా చెప్పే పద్ధతి: 85 శాతం ఫార్మిక్ ఆమ్లం 5 మి.లీ. చిన్న గాజు సీసాలో పోసి, దూది వత్తి పెట్టి, సాయంత్రం పూట పెట్టె అడుగున ఉంచడం. రోజూ ఆమ్లం మళ్లీ నింపుతూ రెండు వారాలు. ఇది పది ఫ్రేముల నిండు పెట్టెకు లెక్క. చిన్న పెట్టెకు తగ్గించాలి. ద్వారం పూర్తిగా తెరిచి ఉంచాలి.

పగటి ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటే రోజుల్లో దీని జోలికి పోకండి. ఆమ్లం ఒక్కసారిగా ఆవిరై రాణి చస్తుంది, పిల్లలు మాడిపోతాయి, ఒక్కోసారి ఈగలన్నీ పెట్టె వదిలి లేచిపోతాయి. తెలుగు రాష్ట్రాల్లో మైదాన ప్రాంతాలకు దీనికి అనువైన కాలం ఎంతుంది? డిసెంబరు, జనవరి నెలలు, అటూ ఇటూ కొన్ని చల్లటి రోజులు. చల్లటి దేశాల్లో చేసిన వీడియోలు చూసి మార్చిలో మొదలుపెట్టకండి. కళ్లద్దాలు, ఆమ్లానికి తట్టుకునే గ్లవ్స్ తప్పనిసరి. పక్కన ఒక బకెట్ నీళ్లు ఉంచుకోండి. చర్మం మీద పడితే క్షణం ఆలస్యం చేయకుండా కడగాలి. గాలి మీ వీపు వైపు నుంచి వీచేలా నిలబడండి.

ఎండాకాలం, పూత లేని కాలం: రాణిని ఆపి ఆక్సాలిక్ ఆమ్లం

మన ఎండలకు నాకు ఎక్కువ నచ్చిన పద్ధతి ఇదే. ఆక్సాలిక్ ఆమ్లం వేడికి అంతగా ఇబ్బంది పెట్టదు కానీ మైనం మూత దాటలేదు. కాబట్టి మూత కింద నల్లి లేకుండా చేసి అప్పుడు పోయాలి. రాణిని పంజరంలో పెట్టి 24 రోజులు గుడ్లు ఆపేయండి. పిల్లల ఫ్రేముల మధ్యే పంజరాన్ని వేలాడదీస్తే కూలి ఈగలు రాణికి మేత పెడుతూనే ఉంటాయి. కూలి పిల్ల 21 రోజులకు, పోతు పిల్ల 24 రోజులకు బయటికి వచ్చేస్తుంది. అప్పటికి పెట్టెలో మూసిన గది ఒక్కటీ మిగలదు, ఉన్న వరోవా అంతా ఈగల మీదే ఉంటుంది. ట్రోపిలేలాప్స్ అయితే తినడానికి పిల్లలే లేక అప్పటికే పోయి ఉంటుంది. ఒక పనితో రెండు నల్లులు.

పాకం ఇలా: 600 గ్రాముల పంచదారను 600 మి.లీ. గోరువెచ్చని నీళ్లలో కరిగిస్తే లీటరుకు దగ్గరగా వస్తుంది. అందులో 35 గ్రాముల ఆక్సాలిక్ ఆమ్లం డైహైడ్రేట్ కలపండి. టైల్స్ కడగడానికి అమ్మే పొడి వద్దు, స్వచ్ఛత రాసి ఉన్న ల్యాబ్ గ్రేడ్ తీసుకోండి. సిరంజితో, ఈగలున్న ప్రతి రెండు ఫ్రేముల సందులో 5 మి.లీ. చొప్పున నేరుగా ఈగల మీద పడేలా పోయండి. పెట్టె మొత్తానికి 50 మి.లీ. మించకూడదు. ఒక లీటరు ఇరవై నిండు పెట్టెలకు సరిపోతుంది. ఒక్కసారే పోయాలి. అనుమానం తీరక వారానికోసారి పోస్తూ పోతే ఈగలకే హాని. పాకం పోశాక రాణిని వదిలేయండి. పోయడం ఆలస్యమై రాణిని ముందే వదిలితే, రాణి పెట్టిన కొత్త గుడ్లకు మూత పడేలోపు, అంటే వారంలోగా అయిపోవాలి. ఈ పొడి పీల్చినా ప్రమాదమే, మాస్క్ వేసుకునే తూకం వేయండి.

ఒక షరతు. పంజరం పెట్టే రోజుకు పెట్టెలో ఈగలు బాగా ఉండాలి, తిండి ఉండాలి. మూడు ఫ్రేముల ఈగలతో నీరసంగా ఉన్న పెట్టెకు 24 రోజులు గుడ్లు ఆపితే అది కోలుకోదు. అలాంటివాటిని ముందు కలిపేయండి. పూత మొదలవడానికి ఆరు వారాల ముందే ఈ పనంతా ముగించుకుంటే కొత్త ఈగలు పూతకు అందివస్తాయి.

పూత మధ్యలో నల్లి పెరిగితే చేతిలో ఉండేది పోతు పిల్లల ఫ్రేము ఒక్కటే. పెద్ద గదుల ఫ్రేము ఒకటి పిల్లల గది అంచున పెట్టండి. రాణి అందులో పోతు గుడ్లు పెడుతుంది, నల్లి అక్కడికి చేరుతుంది. గదులన్నీ మూత పడ్డాక ఆ అట్టను, అంటే ఫ్రేములోని మైనం గదుల పలకను, కోసి కోళ్లకు వేసేయండి. గుడ్డు పెట్టిన 24వ రోజుకు పోతులు బయటికొస్తాయి, ఆలోపే తీయాలి. మర్చిపోతే మీ చేత్తోనే నల్లిని పెంచి వదిలినట్టు.

వాము పువ్వు, అంటే థైమాల్, వరోవా మీద పనిచేస్తుంది. కానీ దాని వాసన తేనెలో ఉండిపోతుంది కాబట్టి పూత కాలంలో వద్దు. ఫ్రేముల పైకమ్మీల మీద గంధకం పొడి చల్లడం మన దగ్గర పాత అలవాటు. అది తెరిచున్న గదుల్లో పడితే పిల్లలకే చేటు. రాణిని ఆపే ఓపిక ఉన్నవాళ్లకు దాని అవసరం రాదు.

పొలం మందు పెట్టెలోకి రాకూడదు

మిరపలోనో, పత్తిలోనో ఎర్రనల్లికి కొట్టే మందునే చెక్క ముక్కకు తడిపి పెట్టెలో పెట్టేవాళ్లున్నారు. దానికి మోతాదు ఎవరూ కట్టలేదు. మైనంలోకి ఇంకిన మందు ఏళ్ల తరబడి పోదు, తేనె పరీక్షలో బయటపడితే సరుకు తిరిగొస్తుంది. పైగా చావని నల్లి మొండికేస్తుంది. పెట్టెల్లో వాడే నల్లి మందు ఫ్లువాలినేట్ విషయంలో చాలా దేశాల్లో ఇదే జరిగింది. అలాంటిదే ఇంకో మందు అమిట్రాజ్ వంతు కూడా వచ్చింది. 2025 శీతాకాలం ముగిసేసరికి అమెరికాలో వాణిజ్య పెంపకందారులు సగం కంటే ఎక్కువ పెట్టెలు పోగొట్టుకున్నారు. అక్కడి వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు కుప్పకూలిన పెట్టెల్లో చూసింది విపరీతంగా పెరిగిన వైరస్‌లను, వాటితో పాటు అమిట్రాజ్‌కు లొంగని జన్యు గుర్తున్న వరోవాను. మందు పట్టించిన కంపెనీ పట్టీలు వాడినా వరుసగా అదే మందు వాడకండి, చెప్పిన వారాలకు మించి పెట్టెలో ఉంచకండి.

యాంటీబయాటిక్ ఇంకా పెద్ద పొరపాటు. అది నల్లిని చంపదు, వైరస్‌ను చంపదు. తేనెలో మాత్రం మిగులుతుంది.

సెరానా పెంచేవాళ్లకు: శాక్‌బ్రూడ్

థాయ్‌లాండ్‌లో 1976లో బయటపడిన ఈ వైరస్ రెండేళ్లకే మేఘాలయ చేరింది. 1991-92లో దక్షిణాదిని చుట్టేసి పెట్టెల్లోని సెరానాను దాదాపు తుడిచిపెట్టేసింది. కేరళ, కర్ణాటక, తమిళనాడుల్లో తేనె మీదే బతికిన కుటుంబాలు ఖాళీ పెట్టెలతో మిగిలాయి. చాలామంది మెల్లిఫెరాకు మారింది ఆ దెబ్బతోనే.

గుర్తుపట్టడం కష్టం కాదు. పురుగు ప్యూపాగా మారే ముందే చస్తుంది. గదిలో వెల్లకిలా చాచుకుని, తల మూత వైపు ఎత్తి ఉంటుంది. మూతలు సగం తెరిచి, కన్నాలు పడి కనిపిస్తాయి. సన్నటి పుల్లతో ఎత్తితే లోపల నీళ్లు నిండిన సంచిలా వేలాడుతూ వస్తుంది. రంగు తెలుపు నుంచి పసుపు, గోధుమ మీదుగా నలుపుకు మారుతుంది, తల ముందు నల్లబడుతుంది. వాసన ఉండదు. పుల్లతో ఎత్తినప్పుడు జిగురు దారంలా సాగినా, కుళ్లు వాసన వచ్చినా అది బ్యాక్టీరియా రోగం, దాని దారి వేరు.

కనిపించిన రోజే ఆ పెట్టె నుంచి ఫ్రేములు మార్చడం ఆపేయండి. చూసే వరుస మార్చుకోండి: ఆరోగ్యంగా ఉన్నవి ముందు, రోగం ఉన్నవి ఆఖర్న. ఒకటికీ ఇంకొకదానికీ మధ్య చేతులు, హైవ్ టూల్ (ఫ్రేములు లేపే ఇనుప పనిముట్టు) చాకలి సోడా నీళ్లతో కడగండి. చచ్చిన పురుగులు ఎక్కువున్న అట్టల్ని కోసి పాతిపెట్టండి. రాణిని మూడు వారాలు పంజరంలో ఉంచితే వైరస్‌కు పిల్లలు దొరకవు, ఈలోపు కూలి ఈగలు గదులన్నీ శుభ్రం చేస్తాయి. ఇంకా మంచిది రాణినే మార్చడం. అదే తోటలో రోగం తగలని పెట్టె నుంచి రాణి గదిని తెచ్చివ్వండి. ఈగలు పలచబడితే అదనపు ఫ్రేములు తీసేసి, ఉన్న అట్టల్ని ఈగలు పూర్తిగా కప్పుకునేలా బిగించండి. పూత లేకపోతే పంచదార పాకం పెట్టండి. తిండి తక్కువైన పెట్టెలోనే ఇది చెలరేగుతుంది.

చెట్ల తొర్రల నుంచి, పుట్టల నుంచి కొత్తగా పట్టి తెచ్చిన ఈగల్ని నేరుగా పాత పెట్టెల పక్కన పెట్టకండి. ఒక తరం పిల్లలు బయటికొచ్చేదాకా, అంటే కనీసం మూడు నాలుగు వారాలు, దూరంగా ఉంచి అట్టలు చూడండి. కొనుక్కున్న పెట్టెలకూ ఇదే వర్తిస్తుంది, అమ్మేవాళ్లు ఎంత తెలిసినవాళ్లైనా.

ఏ పెట్టె నుంచి రాణిని పెంచాలి?

సెరానాకైనా మెల్లిఫెరాకైనా ఈ పరీక్ష పనికొస్తుంది. మూత పడిన వంద గదుల్ని ఎంచి, సన్నటి సూదితో ఒక్కో ప్యూపాను గుచ్చి చంపి, ఫ్రేమును తిరిగి పెట్టేయండి. 24 గంటల తర్వాత ఎన్ని గదులు ఖాళీ చేశాయో లెక్కపెట్టండి. తొంభై అయిదు దాటి శుభ్రం చేసిన పెట్టె నల్లి పట్టిన పిల్లల్ని కూడా పసిగట్టి బయట పడేసే రకం. రాణి గదులు దాని నుంచే తీసుకోండి. తేనె ఎక్కువిచ్చే పెట్టె నుంచి మాత్రమే రాణుల్ని పెంచే అలవాటు మనలో గట్టిగా ఉంది. తేనెను, ఈ లెక్కను రెండింటినీ చూసి ఎంచుకుంటే మూడు నాలుగు తరాల్లో తేడా తెలుస్తుంది.

మందు తర్వాత మళ్లీ లెక్క

మందు పూర్తయిన రెండు వారాలకు అదే పద్ధతిలో, అవే పెట్టెల్లో మళ్లీ లెక్కపెట్టండి. ఒకదాని లోపుకి దిగితే సరే. దిగకపోతే మోతాదో, ఉష్ణోగ్రతో, మూత పడిన పిల్లలో ఎక్కడో తేడా వచ్చింది, లేదా నల్లి మందుకు మొండికేసింది. అదే మందు మళ్లీ వేయకుండా రెండోదానికి మారండి.

దిగి, నెలలోపే మళ్లీ పైకి లేస్తే మీ పక్క పొలంలోని పెట్టెల వైపు చూడండి. నల్లితో కుప్పకూలుతున్న పెట్టెలోని తేనెను దోచుకోవడానికి మీ ఈగలే వెళ్తాయి, తేనెతో పాటు నల్లినీ మోసుకొస్తాయి. ఈగలు రెండు మూడు కిలోమీటర్లు సునాయాసంగా తిరుగుతాయి. పొద్దుతిరుగుడు పూతకు ఒకే చోట నలుగురైదుగురి పెట్టెలు దిగినప్పుడు అందరూ ఒకే వారంలో లెక్కపెట్టి, ఒకే వారంలో మందు వేసుకునేలా లారీ దిగిన రోజే మాట్లాడుకోండి. ఎవరి పెట్టెలోనైనా ఈగలు చచ్చి ఖాళీ అయితే ద్వారం ఆ సాయంత్రమే మూసేసి, అట్టల్ని లోపలికి తీసుకెళ్లాలి. ప్రతి పెట్టె మీదా నంబరు, లెక్కపెట్టిన తేదీ, అంకె, వేసిన మందు మూత లోపలి వైపు మార్కర్‌తో రాసుకోండి. తర్వాతి మకాంకు ఎక్కించే ముందు మూతలు తిప్పి చూసి, నూరుకు మూడు దాటిన పెట్టెలుంటే వాటిని లారీ ఎక్కించకండి. అక్కడే ఉంచి, మందు పూర్తయ్యాకే తీసుకెళ్లండి.